జపనీస్‌లో లెక్కపెట్టడం ఎలా: మనుషులు, వస్తువులు, మధ్యలో కుక్కలు కోళ్ళు

జపనీస్ మొదలుపెట్టినవాళ్ళు హిరగాన (వాళ్ళ అక్షరమాల) గండం దాటేసి, ఇచి ని సన్ అంటూ పదిదాకా గడగడా అప్పజెప్పేసి, హమ్మయ్య లెక్కలు వచ్చేశాయి అనుకునేలోపే పుస్తకంలో ఒక పెద్ద టేబుల్ ఎదురవుతుంది. పెన్సిళ్ళకి ఒక లెక్క, కాగితాలకి ఇంకో లెక్క, కుక్కలకి వేరే, కోళ్ళకి వేరే, మనుషులకి మళ్ళీ వేరే, పైగా ఒక్కోదాంట్లో ఒకటికి ఒకలా మూడుకి ఇంకోలా సౌండ్ మారిపోతుంటుంది. ఇలా వస్తువుని బట్టి అంకె వెనకాల తగిలించే తోకల్నే కౌంటర్లు అంటారు, అన్నీ కలిపి చూస్తే వందల్లో ఉంటాయి. కంగారు పడకండి, జపాన్‌లో పుట్టి పెరిగినవాళ్ళకే అవన్నీ రావు. రోజువారీ పనికి ఒక పది చాలు, అందులో కూడా రెండు గట్టిగా వస్తే మొదట్లో బండి నడిచిపోతుంది.

ఇంకో మాట. ఈ కౌంటర్ల గోల ఇంగ్లీష్‌లో ఆలోచిస్తే వింతగా ఉంటుంది గానీ తెలుగులో ఆలోచిస్తే ఏమంత వింత కాదు. మనం "మూడు మనుషులు వచ్చారు" అంటామా, అనం కదా, ముగ్గురు వచ్చారు అంటాం. కుర్చీలైతే మూడు, మనుషులైతే ముగ్గురు. ఒకరు ఇద్దరు ముగ్గురు నలుగురు అని మొదలెట్టి, ఏడుగురు దాటాక ఎనమండుగురు అనే ఓపిక లేక ఎనిమిదిమంది, తొమ్మిదిమంది అని "మంది"లోకి దిగిపోతాం. జపనీస్ చేసేదీ అదే, కాకపోతే వాళ్ళు రెండు దాటగానే "మంది"లోకి దిగిపోతారు. అందుకే కింద చెప్పేవన్నీ ఇంగ్లీష్ మీదుగా తిప్పి కాకుండా నేరుగా తెలుగుకి జపనీస్‌ని పక్కన పెట్టి చూసుకోండి, సగం బరువు దిగిపోతుంది.

స్టెప్ 1: ముందు అంకెలు, పలకడంతో సహా

ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ. ఒకటి నుంచి పది ఇవే. నాలుగుకి "షి" అని, ఏడుకి "షిచి" అని, తొమ్మిదికి "కు" అని ఇంకో పలుకుబడి కూడా ఉంది, పుస్తకాల్లో రెండూ ఇస్తారు. మీరు మాత్రం యొన్, నన, క్యూ పట్టుకోండి, కౌంటర్లతో దాదాపు ఎప్పుడూ ఇవే వస్తాయి. షి అనే సౌండ్‌కి చావు అని కూడా అర్థం, కు అంటే బాధ, అందుకే అక్కడ కొన్ని హాస్పిటళ్ళలో 4వ నెంబర్ గది ఉండదు. టైమ్ చెప్పేటప్పుడు మాత్రం నాలుగింటికి "యొజి", ఏడింటికి "షిచిజి", తొమ్మిదింటికి "కుజి" అంటారు, అది వేరే పాఠం, ఇక్కడ కలపొద్దు.

పది దాటాక చాలా ఈజీ. పదకొండు అంటే పది-ఒకటి, జూఇచి. ఇరవై అంటే రెండు పదులు, నిజూ. ముప్ఫై ఐదు సన్‌జూగొ. తొంభై తొమ్మిది క్యూజూక్యూ. వంద హ్యకు, వెయ్యి సెన్, పదివేలు ఇచిమన్. అక్కడి నుంచి మాత్రం జాగ్రత్త, వాళ్ళ లెక్క పదివేల మీద నడుస్తుంది, మన లక్ష వాళ్ళకి పది పదివేలు అంటే జూమన్, పది లక్షలు హ్యకుమన్, కోటి ఇస్సెన్‌మన్. జీతం మాట్లాడుకునేటప్పుడు ఇది తప్పకుండా పనికొస్తుంది, ఇప్పటికి పక్కన పెట్టేయండి.

పలకడంలో మనకో లాభం ఉంది. జపనీస్‌లో పొట్టి ఎ, ఒ వేరు, పొడుగు ఏ, ఓ వేరు, తెలుగులోనూ అంతే, కాబట్టి గొ అన్నచోట గోడలో గో లాగా లాగకుండా, గొడుగులో గొ లాగా చిన్నగా అనండి. ఇక "త్సు" అని నేను రాసే సౌండ్ చూసి నాలుక మడత పెట్టుకోవక్కర్లేదు, చుక్క, చుట్టం అనేటప్పుడు మొదటి అక్షరం ఎలా పలుకుతామో సరిగ్గా అదే. ఇచి, హచిలో "చి" మాత్రం చిలకలో చి. "దెస్" అని రాసినచోట చివర్న చిన్న ఉకారం ఉందిగానీ మాట్లాడేటప్పుడు అది దాదాపు మింగేస్తారు.

స్టెప్ 2: ఏమీ గుర్తురానప్పుడు కాపాడే లెక్క

ఇది జపనీస్ సొంత పాత లెక్క, పైన చెప్పిన ఇచి ని సన్ చైనా నుంచి వచ్చినవి. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి.

హితొత్సు ఒకటి, ఫుతత్సు రెండు, మిత్త్సు మూడు, యొత్త్సు నాలుగు, ఇత్సుత్సు ఐదు, ముత్త్సు ఆరు, ననత్సు ఏడు, యత్త్సు ఎనిమిది, కొకొనొత్సు తొమ్మిది, తొఒ పది. పదికి మాత్రం త్సు రాదు చూడండి.

బట్టీ పట్టేముందు ఒక చమత్కారం గమనించండి. మూడు "మి", దానికి రెట్టింపు ఆరు "ము". నాలుగు "యొ", రెట్టింపు ఎనిమిది "య". ఒకటి "హి", రెట్టింపు రెండు "ఫు". హల్లు దాదాపు అదే, అచ్చు మారితే డబుల్ అయిపోతుంది. ఇలా జతలుగా పెట్టుకుంటే మిగిలేవి ఐదు, ఏడు, తొమ్మిది, పది, నాలుగే.

దీన్ని ఎక్కడ వాడాలి అంటే, హోటల్లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు, గుండ్రంగానో చదరంగానో ఏ ఆకారమూ తేలని వస్తువుకి, కౌంటర్ గుర్తురాని ప్రతి వస్తువుకి, కంటికి కనపడని వాటికి కూడా, అంటే ప్రశ్నలు, కారణాలు, ఐడియాలు. కేక్ ఒకటి కావాలా, హితొత్సు. సూట్‌కేసులు రెండున్నాయా, ఫుతత్సు. అడగడానికి రెండు ప్రశ్నలున్నాయా, అదీ ఫుతత్సు. పెన్నుకి కూడా హితొత్సు అంటే చిన్నపిల్లల మాటలా ఉంటుందేమో గానీ అర్థం కాకపోవడం ఉండదు, షాపతను నవ్వి ఇచ్చేస్తాడు.

మూడు చోట్ల ఇది పనికిరాదు. మనుషులకి వాడకూడదు, మర్యాదగా ఉండదు. జంతువులకి వాడరు. పది దాటాక కూడా లేదు, పదకొండు యాపిళ్ళు కావాలంటే ఉత్త జూఇచి అనో, దానికి వేరే కౌంటర్ తగిలించో చెప్పాలి.

స్టెప్ 3: మనుషుల్ని లెక్కపెట్టడం

ఒకరు హితొరి, ఇద్దరు ఫుతరి. ఈ రెండూ పాత లెక్కలోవి, హితొత్సు ఫుతత్సు చుట్టాలే. ముగ్గురి నుంచి అంకెకి "నిన్" తగిలిస్తారు, సన్నిన్, యొనిన్, గొనిన్, రొకునిన్, నననిన్ (షిచినిన్ అని కూడా అంటారు), హచినిన్, క్యూనిన్, జూనిన్. పదకొండుమంది జూఇచినిన్, ఇరవైమంది నిజూనిన్. పదకొండులో మళ్ళీ హితొరి పెట్టేస్తారు కొందరు, అక్కడ రాదు, హితొరి ఫుతరి అనేవి అచ్చంగా ఒకరికి ఇద్దరికే.

ఇందులో మెలిక నాలుగు దగ్గరుంది. "యొన్‌నిన్" కాదు, "యొనిన్", న్ ఒక్కటే. షినిన్ అని అస్సలు అనకండి, ఆ మాటకి శవం అని అర్థం. మా ఇంట్లో నలుగురం అని చెప్పబోయి ఏం చెప్తున్నారో ఊహించుకోండి.

కుటుంబం గురించి చెప్పాలంటే "కజొకు వ యొనిన్ దెస్", మా ఇంట్లో నలుగురం. అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇద్దరున్నారు అనాలంటే "క్యోదై గ ఫుతరి ఇమస్". ఈ "ఇమస్" మనుషులకీ జంతువులకీ, ప్రాణంలేని వస్తువులకైతే "అరిమస్". మనం ఉన్నారు, ఉంది, ఉన్నాయి అని ఎన్నో మారుస్తాం గానీ వాళ్ళకి ఈ రెండే, ఒకరున్నా వందమంది ఉన్నా మారదు. బహువచనం కూడా లేదు, పిల్లి ఒకటైనా పదైనా నెకొనే.

రెస్టారెంట్ గుమ్మంలో అడుగు పెట్టగానే "నన్‌మేయ్‌సమ దెస్ క" అని అడుగుతారు. పుస్తకంలో ఎంతమందికి నన్నిన్ అని చదువుకుని ఇక్కడ నన్‌మేయ్ అనగానే బిత్తరపోతారు చాలామంది. మేయ్ అనేది నిన్‌కి మర్యాద రూపం, సమ అంటే గారు, ఎంతమంది వచ్చారండీ అని అడుగుతున్నారంతే. జవాబులో మీకు మీరు గారు తగిలించుకోకూడదు. "సన్నిన్ దెస్" అని వేళ్ళు చూపిస్తే చాలు. వేళ్ళు చూపించడం మనలాగే, ఒకటికి చూపుడువేలు. కానీ వాళ్ళలో వాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టుకునేటప్పుడు తెరిచిన చెయ్యి పెట్టుకుని బొటనవేలు ముడిస్తే ఒకటి, చూపుడువేలు ముడిస్తే రెండు, పిడికిలి బిగిస్తే ఐదు, ఆరుకి మళ్ళీ చిటికెన వేలు తెరుస్తారు. పక్కన కూర్చుని చూస్తే మొదట్లో అస్సలు అర్థం కాదు.

స్టెప్ 4: వాక్యంలో ఎక్కడ పెట్టాలి

ఇక్కడ తెలుగువాళ్ళకి బోనస్. టీ కొట్టుకెళ్ళి మనం ఏమంటాం, "టీ రెండు ఇవ్వండి". వస్తువు, తర్వాత లెక్క, చివర్న క్రియ. జపనీస్‌లో కూడా "ఒచ ఒ ఫుతత్సు కుదసై". ఒచ అంటే టీ, ఒ అనేది మన "ని" లాంటి ప్రత్యయం, కుదసై అంటే ఇవ్వండి. వరస మార్చక్కర్లేదు, లెక్క తర్వాత ఏ ప్రత్యయమూ పెట్టక్కర్లేదు. ఫుతత్సు వెనకాల కూడా ఒ పెట్టేయాలని చెయ్యి లాగుతుంది, ఆపుకోండి.

లెక్కని ముందుకి తెస్తే మాత్రం మధ్యలో "నొ" రావాలి, "ఫుతత్సు నొ ఒచ". వ్యాకరణానికి తప్పు కాదుగానీ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎవరూ అలా అనరు, మొదటి పద్ధతే వాడండి.

రెండు రకాలు కావాలంటే మధ్యలో "తొ" పెట్టండి, "కోహీ ఒ ఫుతత్సు తొ కేకి ఒ హితొత్సు కుదసై", కాఫీ రెండు, కేక్ ఒకటి. ఈ ఒక్క వాక్యాన్ని నోటికి తెచ్చుకుని కాఫీ స్థానంలో మెనూలో ఏది కనపడితే అది పెట్టుకుంటూ పొండి, ఎవరూ మిమ్మల్ని ఆకలితో పంపరు.

స్టెప్ 5: సౌండ్ మారని మంచి కౌంటర్లు

కౌంటర్లలోకి ఇక్కడి నుంచి దిగండి, చాలా పుస్తకాలు కష్టమైనవాటితో మొదలుపెట్టి జనాన్ని భయపెడతాయి, నాకది నచ్చదు.

"మై" పల్చగా పరుచుకునే వాటికి. కాగితం, టికెట్, స్టాంప్, ప్లేటు, షర్టు, దుప్పటి, పిజ్జా, నోటు. ఇచిమై, నిమై, సన్‌మై, యొన్‌మై, గొమై, రొకుమై, ననమై, హచిమై, క్యూమై, జూమై. ఏదీ మారలేదు, అంకె పెట్టు, మై తగిలించు, అంతే. పోస్టాఫీసులో స్టాంపులు ఐదు కావాలంటే "కిత్తె ఒ గొమై కుదసై". మ్యూజియం టికెట్ కౌంటర్ దగ్గర "ఒతొన నిమై, కొదొమొ ఇచిమై" అంటే పెద్దవాళ్ళవి రెండు, పిల్లలది ఒకటి. జపాన్‌లో ఇండియన్ రెస్టారెంట్ల నిండా నాన్‌లే కదా, నాన్ కూడా మైతోనే.

"దై" యంత్రాలకి, బళ్ళకి. కారు, బైకు, సైకిల్, ఫ్రిజ్, కంప్యూటర్, ఫోన్, టీవీ. ఇచిదై, నిదై, సన్‌దై, ఇదీ మారదు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి కదా, అలాంటి చోట పనిచేసేవాళ్ళకి అన్నింటికంటే ముందు అక్కరకొచ్చేది ఇదే, వాళ్ళు తయారుచేసేవన్నీ దై లెక్కలోకే వస్తాయి.

స్టెప్ 6: హొన్, హై, హికి, సౌండ్ మారే గుంపు

ఇక్కడ కాస్త ఆగి చదవండి, అసలు చిక్కంతా ఇందులోనే ఉంది, ఇది విడిపోతే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

"హొన్" పొడుగ్గా సన్నగా ఉండేవాటికి. పెన్ను, గొడుగు, సీసా, అరటిపండు, చెట్టు, బెల్టు. ఇలా లెక్కపెట్టాలి: ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్, గొహొన్, రొప్పొన్, ననహొన్, హప్పొన్, క్యూహొన్, జుప్పొన్. ఎన్ని అని అడగాలంటే నంబొన్.

ఒక్కసారి మళ్ళీ చూడండి. ఒకటి, ఆరు, ఎనిమిది, పది, ఈ నాలుగు చోట్ల ప్ప వచ్చింది. మూడు దగ్గర, ప్రశ్న దగ్గర బ వచ్చింది. మిగతా చోట్ల హ అలాగే ఉంది. అంటే మీరు గుర్తుపెట్టుకోవాల్సింది 1-6-8-10 అని ఒక ఫోన్ నెంబర్ ముక్క, పక్కన విడిగా 3. ఎనిమిదికి హచిహొన్ అన్నా చెల్లుతుంది, పదికి పాతకాలం పద్ధతిలో జిప్పొన్ అని రాసిన పుస్తకాలూ ఉన్నాయి, బయట వినపడేది జుప్పొన్.

మూడు దగ్గర బ ఎందుకొచ్చిందీ అంటే, పాతకాలంలో జపనీస్‌లో ఈ హ అనేది ప. స్కూల్లో తెలుగు మాస్టారు సరళాదేశ సంధి చెప్పారు గుర్తుందా, ద్రుతానికి పరుషాలు పరమైతే సరళాలవుతాయని, పూచెన్ + కలువలు = పూచెంగలువలు అని. నకారం తర్వాత క వస్తే గ, ప వస్తే బ. సన్ + పొన్ = సంబొన్. అదే కథ. తెలుగు మాస్టారు అప్పుడు కొట్టిన దెబ్బలు ఇన్నాళ్ళకి జపనీస్‌లో పనికొస్తున్నాయన్నమాట. యొన్‌లో కూడా న్ ఉంది కదా మరి అక్కడెందుకు రాలేదంటే, యొన్ ఆ చైనా గుంపులోది కాదు, పాత లెక్కలోంచి అరువు తెచ్చుకున్నది, దానికి ఈ రూలు అంటలేదు.

ఇప్పుడు హై. గ్లాసులో, కప్పులో, గిన్నెలో పోసి ఇచ్చేవాటికి. ఇప్పై, నిహై, సంబై, యొన్‌హై, గొహై, రొప్పై, ననహై, హప్పై, క్యూహై, జుప్పై. హొన్ తీసి హై పెట్టారు, ఇంకేం మారలేదు. పిల్లి, కుక్క, చేప, పురుగు, దోమ లాంటి చిన్న ప్రాణులకి హికి, ఇప్పికి, నిహికి, సంబికి, అదే దారి. ఒకటి వచ్చిందంటే మూడూ వచ్చేసినట్టే, ఇంత చౌకగా ఇంకే గ్రామర్ దొరకదు.

కౌంటర్ మారితే కళ్ళముందు కనపడే బొమ్మే మారిపోతుంది. "బీరు ఒ నిహొన్" అంటే సీసాలో క్యాన్లో రెండు తెస్తారు, "బీరు ఒ నిహై" అంటే గ్లాసుల్లో పోసినవి రెండు. ఫుతత్సు అన్నా పనైపోతుంది, వాళ్ళ మెనూని బట్టి వాళ్ళే తెస్తారు.

రెండు గోతులున్నాయి చూసుకోండి. పుస్తకాన్ని జపనీస్‌లో "హొన్" అంటారు, కానీ పుస్తకాల్ని లెక్కపెట్టేది హొన్‌తో కాదు, దాని కౌంటర్ వేరే, కిందొస్తుంది. రెండోది, రెండు పెన్నులకి నిహొన్, జపాన్ దేశానికీ నిహొన్, స్వరం ఎత్తుపల్లాల్లో తేడా ఉంటుందిగానీ సందర్భాన్ని బట్టే తెలిసిపోతుంది, దానికోసం తల బద్దలు కొట్టుకోవద్దు.

హొన్ వాడకం పెన్నులతో ఆగదు, సినిమాలు, ఫోన్ కాల్స్, రైలు సర్వీసులు, బేస్‌బాల్‌లో కొట్టే హోమ్ రన్లు కూడా హొన్‌లోనే లెక్కపెడతారు. సినిమా అంటే రీలు, పొడుగ్గా ఉండేది కాబట్టి అనుకుంటే సరిపోతుంది. ఎండ్రకాయల్ని, స్క్విడ్‌లని చేపల మార్కెట్లో హైతో లెక్కపెడతారు, ఇది వింటే నవ్వుకుని వదిలేయండి, పరీక్షలో రాదు.

స్టెప్ 7: కొ, సత్సు, కై

"కొ" చిన్నగా, ముద్దగా, చేతిలో ఇమిడేవాటికి. గుడ్డు, యాపిల్, ఒనిగిరి (అన్నం ముద్ద), సబ్బు, బంతి. ఇక్కొ, నికొ, సన్‌కొ, యొన్‌కొ, గొకొ, రొక్కొ, ననకొ, హక్కొ, క్యూకొ, జుక్కొ. మళ్ళీ 1-6-8-10 దగ్గరే క్క. మూడు మారలేదు. హితొత్సు వాడే చోట చాలావరకు ఇక్కొ కూడా నడుస్తుంది, పది దాటాక అసలు ఇదే ఆధారం, గుడ్లు పన్నెండు అంటే జూనికొ.

"సత్సు" పుస్తకాలకి, నోట్‌బుక్కులకి. ఇస్సత్సు, నిసత్సు, సన్‌సత్సు, ఎనిమిదికి హస్సత్సు, పదికి జుస్సత్సు. స, త లతో మొదలయ్యే కౌంటర్లలో ఆరు మారదు, రొకుసత్సునే, అంటే ఇక్కడ నెంబర్ 1-8-10. వయసుకి వాడే "సై" కూడా ఇలాగే, ఇస్సై, హస్సై, జుస్సై. ఇరవై ఏళ్ళకి మాత్రం హతచి అనే ప్రత్యేకమైన మాట ఉంది.

"కై" అంతస్తులకి. ఇక్కై, నికై, సంగై, యొన్‌కై, గొకై, రొక్కై. మూడో అంతస్తుకి మన సరళాదేశం వచ్చేసింది చూడండి, అయితే ఈమధ్య చాలామంది సన్‌కై అని కూడా అంటున్నారు. సౌండ్ కన్నా ముఖ్యమైన విషయం ఏంటంటే, జపాన్‌లో గ్రౌండ్ ఫ్లోర్ లేదు, నేలమీద ఉన్నదే ఇక్కై. మన ఫస్ట్ ఫ్లోర్ వాళ్ళకి నికై. ఆఫీసు నికైలో అన్నారని రెండంతస్తులు ఎక్కేసి వేరే వాళ్ళ తలుపు కొట్టకండి. ఎన్నిసార్లు అని చెప్పే "కై" ఇంకోటుంది, ఇక్కై అంటే ఒకసారి, అక్కడ మూడుసార్లకి సన్‌కైయే, సంగై రాదు.

ఇవి కాక పక్షులకి "వ", ఇచివ, నివ, సన్‌వ. కుందేలుని కూడా సాంప్రదాయంగా పక్షుల్లో కలిపేసి వ అంటారు, ఎందుకని జపాన్ వాళ్ళని అడిగితే తలా ఒక కథ చెప్తారు. ఏనుగు, ఆవు, గుర్రం లాంటి పెద్దవాటికి "తో", ఇత్తో, నితో, సన్‌తో. చెప్పుల జతకి "సొకు", ఇస్సొకు, నిసొకు, సన్‌జొకు. ఇవి కనపడ్డప్పుడు నేర్చుకోండి చాలు, ముందే కూర్చుని బట్టీ పట్టేంత విషయం లేదు.

స్టెప్ 8: అడగడం, ఇంకోటి తెప్పించుకోవడం

ప్రశ్నకి అంకె స్థానంలో "నన్" పెట్టండి. నన్నిన్ ఎంతమంది, నన్‌మై, నన్‌దై, నంబొన్, నంబికి, నంబై, నన్‌కొ, నన్‌సత్సు. త్సు గుంపుకి మాత్రం "ఇకుత్సు". షాపులో మొత్తం ఎన్ని అని అడగాలంటే ముందు "జెంబు దె" చేర్చండి, "జెంబు దె ఇకుత్సు దెస్ క".

రోజూ పనికొచ్చే చిన్న మాటలు రెండు. "మో" ముందు పెడితే ఇంకా అని, మో హితొత్సు ఇంకోటి, మో ఇప్పై ఇంకో గ్లాసు, మో హితొరి ఇంకొకరు. "జుత్సు" వెనక పెడితే తలా ఇన్ని అని, "హితొరి ఫుతత్సు జుత్సు" అంటే మనిషికి రెండేసి. పెళ్ళి భోజనాల్లో లడ్డూలు వడ్డించేటప్పుడు వాడే మాటే.

వరస చెప్పాలంటే కౌంటర్ వెనక "మె" తగిలించండి. ఫుతత్సుమె నొ షింగో రెండో సిగ్నల్, ఫుతరిమె రెండో మనిషి, సంబొమ్మె మూడోది (చెట్టో, స్తంభమో). దారి అడిగినప్పుడు ఎదుటివాళ్ళు చెప్పే జవాబులో ఇది తప్పకుండా ఉంటుంది, మీరు అనకపోయినా వినడానికైనా తెలిసుండాలి.

స్టెప్ 9: ప్రాక్టీస్, వంటింట్లోంచి మొదలుపెట్టండి

ఫ్లాష్‌కార్డులు మంచివే గానీ నా లెక్కలో కూరగాయల సంచికి మించింది లేదు. రైతు బజార్ నుంచి వచ్చిన సంచి నేలమీద ఒంపండి. మునక్కాయలు మూడు, సంబొన్. బెండకాయలు పది, జుప్పొన్, పొడుగు గుంపే. టమాటాలు ఆరు, రొక్కొ. ఉల్లిపాయలు ఎనిమిది, హక్కొ. అరటిపళ్ళు ఒక్కోటి విడదీసి హొన్. కరివేపాకు రెమ్మకి కౌంటర్ వెతుక్కుంటూ కూర్చోకండి, త్సుతో కానిచ్చేయండి.

తర్వాత టిఫిన్. ఇడ్లీ గుండ్రంగా ఉబ్బుగా ఉంటుంది కాబట్టి కొ, దోసె పల్చన కాబట్టి మై, పెసరట్టు మై, అప్పడం మై, గారె కొ. పుల్కా మై, అది పొంగినప్పుడు ఏమనాలో మీరే తేల్చుకోండి. చారు గిన్నెలో పోస్తే హై, కాఫీ గ్లాసు హై. ఇంట్లో ఎంతమంది తిన్నారో చివర్న నిన్‌తో. ఒక పూట టిఫిన్ మీద నాలుగు కౌంటర్లు తిరిగేస్తాయి. ఏ వస్తువుకి ఏ కౌంటరో నిర్ణయించుకోవడంలోనే అలవాటు పడతారు, పుస్తకంలో ఇచ్చిన పెన్సిల్ బొమ్మ దగ్గర ఆ ఆలోచన జరగదు.

బయటికెళ్తే బస్టాప్‌లో ఆటోలు దై, వీధికుక్కలు హికి, గేదెలు తో, కోళ్ళు వ. కోళ్ళ దగ్గర నాలుక తిరిగే వాక్యమొకటి అక్కడ పిల్లలందరికీ వచ్చు, "నివ ని వ నివ నివతొరి గ ఇరు", పెరట్లో రెండు కోళ్ళున్నాయి అని. మొదటి నివ పెరడు, రెండోసారి వచ్చిన నివ రెండు, నివతొరి కోడి. నాలుగుసార్లు స్పీడ్‌గా అనండి.

ఇలా తిరిగేటప్పుడు ఒకటి నుంచి వరసగా అప్పజెప్పడం మానేయండి. వరసలో అందరికీ వస్తుంది, ఉన్నట్టుండి "గొడుగులు ఎనిమిది" అంటే నోరు పెగలదు. ఎవరినైనా వస్తువు పేరు, అంకె పైకి అనమని మీరు వెంటనే జవాబు చెప్పండి, ముఖ్యంగా 1, 3, 6, 8, 10 మళ్ళీ మళ్ళీ అడగమనండి, మిగతావి అడక్కపోయినా పర్లేదు. ఎన్5 (జపనీస్ భాషా పరీక్షల్లో మొదటి మెట్టు) పరీక్ష లిజనింగ్‌లో కూడా ఎన్ని కొన్నారు, ఎంతమంది వస్తారు టైపు ప్రశ్నలొస్తుంటాయి, అందులో "ఐదు కావాలి, కాదు కాదు ఇంకోటి కలిపి ఇవ్వండి" అని మధ్యలో మార్చేస్తారు, కాబట్టి మో హితొత్సు వినపడితే చెవులు రిక్కించండి, ఒకటి కూడుకోండి.

పది దాటిన వాటికి కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు, చివరి అంకె ఎలా మారుతుందో అలాగే మారుతుంది, పదమూడు సీసాలు జూసంబొన్, ఇరవై ఆరు గుడ్లు నిజూరొక్కొ, ముప్ఫై కాగితాలు సన్‌జూమై, నలభై పెన్నులు యొన్‌జుప్పొన్. మనుషుల్లో పద్నాలుగుమంది జూయొనిన్, అక్కడ కూడా న్ ఒక్కటే.